గుల్లకుంటలో పాదధూళి

నతానియేలుకు కోపం వచ్చింది. కోపమని అతను ఒప్పుకోడు, "భారం" అంటాడు. మా సంఘంలో కోపానికి ఆ పేరు చాలామందే వాడతారు లెండి.

గురువారం సాయంత్రం గుల్లకుంట నుంచి వచ్చీ రావడంతోనే స్పీకరు పెట్టె తెచ్చి కృపావరం అయ్యగారి అరుగు మీద దబ్బున పెట్టాడు. అయ్యగారు మా పాస్టరు. నలభై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగిన మనిషి. నతానియేలుకు సువార్త పని నేర్పుతున్నది ఆయనే.

"ఇక నావల్ల కాదండీ. మూడు నెలలు! ప్రతి గురువారం వెళ్ళి గొంతు చించుకుని చెప్పా. ఒక్కడు వింటే ఒట్టు. ఇవాళ ఒకామె గిన్నె పెట్టి కొట్టింది. ప్రభువు దయవల్ల తలకి తగల్లేదు, స్పీకరుకి తగిలింది."

అయ్యగారు చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నారు. "అయితే ఏం చేద్దామంటావు?"

"చేర్చుకోని ఊరికి పాదధూళి దులిపేసి పొమ్మని ప్రభువే అన్నాడు కదా. దులిపేస్తా. నన్ను ఇంకో ఊరికి పంపించండి."

ఇంకో ఊరికి పంపడమంటే గుల్లకుంటను వదిలేయడమే. రాళ్ళు పిండిచేసే ఆ క్రషర్ల ఊరికి వెళ్తానని ముందుకొచ్చినవాడు సంఘం మొత్తానికి ఇతనొక్కడే. అయ్యగారికా, మోకాళ్ళు పట్టేశాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అయ్యగారు దారం కొరికి, "ప్రభువు మాట కాదనేదేముంది, దులపాల్సిందే. రేపు పొద్దున్నే వెళ్దాం. నేనూ వస్తా" అన్నారు.

"మీరెందుకండీ, ఆ మోకాళ్ళతో?"

"అంత పెద్ద పని చేస్తుంటే సాక్షి ఉండొద్దా?"

తెల్లారి బయల్దేరేటప్పుడు అలవాటు కొద్దీ నతానియేలు స్పీకరు అందుకోబోయాడు.

"దులపడానికి అదెందుకు?" అన్నారు అయ్యగారు.

గుల్లకుంటలో రెండు క్రషర్లు పొద్దుటినుంచే ఆడుతున్నాయి. చెట్ల ఆకులు, ఇళ్ళ కప్పులు, ఆఖరికి కోళ్ళు కూడా బూడిదరంగే. బస్సు దిగి పావుగంట నడిచేసరికి ఇద్దరి కాళ్ళూ పిక్కల దాకా తెల్లబడ్డాయి. దులపడానికి కావలసినంత ఉంది అనుకున్నాడు నతానియేలు.

"ఆ గిన్నె విసిరినామె ఇల్లేది? ఆ గుమ్మం ముందే దులుపుదాం" అన్నారు అయ్యగారు.

ఆమె పేరు గురవమ్మ. గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నతానియేలును చూసి మొహం ముడుచుకుంది గానీ, వెనకాల ముసలాయన కర్ర పొడుచుకుంటూ రావడం చూసి చేట పక్కన పెట్టి లేచింది. డ్రమ్ములో చెంబు ముంచి తెచ్చింది. ఆ ఊరికి ట్యాంకరు వచ్చేది వారానికి రెండుసార్లే.

"కాళ్ళు కడుక్కోండయ్యా."

అయ్యగారు సగం నీళ్ళతో కాళ్ళు కడుక్కుని చెంబు నతానియేలుకి అందించారు.

అతను చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కడుక్కుంటే ఇంక దులిపేదేముంది? అయ్యగారి వంక చూశాడు. ఆయన కోళ్ళను చూస్తున్నారు.

"కడుక్కో బాబూ" అంది గురవమ్మ. "ఎప్పుడు నీళ్ళిచ్చినా వద్దంటావు. మా నీళ్ళు పనికిరావా ఏంది?"

నిజమే. వెళ్ళిన ప్రతిసారీ ఇచ్చింది. "టైము లేదమ్మా" అని అతను స్పీకరు ఆన్ చేసేవాడు. నతానియేలుకు సిగ్గేసింది. వంగి కాళ్ళు కడుక్కున్నాడు.

లోపల్నుంచి దగ్గు వినిపించింది. ఎంతకీ ఆగలేదు. గురవమ్మ పరిగెత్తింది, వెనకే వీళ్ళూ వెళ్ళారు. ఆమె భర్త తిరపతయ్య గోడకి దిండు ఆనించుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడదట. పదిహేనేళ్ళు క్రషర్లో చేసిన మనిషి. వయసు నలభై ఐదు, చూస్తే డెబ్బై.

"మూడు రాత్రుళ్ళ మీదట నిన్న మధ్యాహ్నం కాస్త కునుకు పట్టింది ఈయనకి" అంది గురవమ్మ. "సరిగ్గా అప్పుడే నువ్వు పెట్టె మోగించావు. కడుపు మండి విసిరా. తప్పేననుకో."

"నాతో ఒక్క మాట చెప్పలేదేమ్మా?"

"నువ్వు ఆపితే కదయ్యా చెప్పడానికి!"

దగ్గు నెమ్మదించాక తిరపతయ్య అడిగాడు. "ఇయ్యాల శుక్రవారం కదా. ఎందుకొచ్చారయ్యా?"

అయ్యగారు నతానియేలు వైపు తిరిగారు. "చెప్పు నాయనా."

అబద్ధమాడటానికి నోరు రాలేదు. "మీ ఊరి దుమ్ము దులుపుకుని వెళ్ళిపోదామని" అన్నాడు తల వంచుకుని.

తిరపతయ్యకి నవ్వొచ్చింది. నవ్వితే మళ్ళీ దగ్గు. "దులుపుకుంటే పోయేదైతే... నేనూ దులుపుకునేవాణ్ణి బాబూ."

నతానియేలుకు ఏడుపొచ్చింది. తిరపతయ్య పక్కన చతికిలబడి వీపు రాస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి గానీ ఆ ఊపిరి కుదుటపడలేదు.

"మూడు నెలల్నించి ఏదో చెప్పాలని తిరుగుతున్నావు" అన్నాడు తిరపతయ్య. "అదేందో చెప్పు. ఇప్పుడు మేలుకునే ఉన్నాగా."

కంఠతా వచ్చిన ప్రసంగంలో ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. నతానియేలు దిక్కుతోచక అయ్యగారి వంక చూశాడు.

అయ్యగారు కర్ర అందుకుని లేచారు.

"మెల్లగా చెప్పు నాయనా. పక్కనే ఉన్నాడు."