తోమిన నాణేలు

అనగనగా ఒక అడవిలో, ఎప్పుడో రాజులు వదిలేసి వెళ్ళిన పాత కోట ఒకటి ఉండేది. గోడలు కూలిపోయాయి. ఆ రాజుల పేర్లు కూడా ఎవరికీ గుర్తులేవు. కానీ గట్టి వాన పడితే చాలు, మట్టిలోంచి వాళ్ళ రాగి నాణేలు బయటపడేవి. వాటిని ఏరి దాచుకోవడం ఆ అడవిలో పక్షులకీ జంతువులకీ ఒక పిచ్చి. నవ్వకండి. మీరు సీసా మూతలు దాచుకోవడం లేదూ?

కోట పక్కన మద్దిచెట్టు తొర్రలో పైడమ్మ అనే గోరింక ఉండేది. ఆమెకు ఇద్దరు పిల్లలు. తన అమ్మ ఇచ్చిన పాత నాణేలు ఆరు ఆమె దగ్గర ఉండేవి. ఒకదాని మీద ఏనుగు, ఒకదాని మీద నెమలి, ఒకదాని మీద చేప, ఇలా ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ. గుర్రం బొమ్మ ఉన్న ఏడో నాణెం మాత్రం లేదు. అది వస్తే వరస పూర్తవుతుంది. దాని కోసం పైడమ్మ పది ఆకుదొప్పల జొన్నలు కూడబెట్టింది. వానాకాలంలో పిల్లల తిండికని ఇంకో పది దొప్పలు విడిగా దాచింది. ఆ రెండో కుప్పను గుర్తుపెట్టుకోండి.

పైడమ్మకు లోకమంతా దొంగల్లాగే కనిపించేది. గాలికి ఆకు కదిలినా "ఎవరది?" అనేది. "నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు" అని గొప్పలు పోయేది. అనుమానం మంచిదే. నేనూ చింతపండు కొనేటప్పుడు లోపల గింజలు దాచారేమోనని విప్పి చూస్తాను. కొట్టువాడు విసుక్కుంటాడు, విసుక్కోనీ. కానీ పైడమ్మ విప్పి చూసే రకం కాదు. ఊరికే అనుమానపడే రకం.

ఆ అడవిలో ప్రతి లక్ష్మివారం వాగు ఒడ్డున సంత జరిగేది. అక్కడ కూర్మయ్య అనే తాబేలు నాణేలు అమ్మేవాడు. ఇరవై ఏళ్ళుగా అదే బండ, అదే తక్కెడ. ఒక లక్ష్మివారం పైడమ్మ వెళ్ళేసరికి ఆ బండ మీద గుర్రం నాణెం ఉంది. పైడమ్మ గుండె ఝల్లుమంది. కానీ పైకి చూపించలేదు.

"ఎంత తాతా ఇది?"

"పది దొప్పలమ్మా. ఇదిగో తక్కెడ. నువ్వే తూచుకో."

'అడక్కుండానే తక్కెడ చూపిస్తున్నాడంటే తక్కెడలోనే ఏదో ఉంది' అనుకుంది పైడమ్మ.

"ఇదేంటి, ఇంత నల్లగా ఉంది?"

"పాతది కదా, నలుపెక్కింది. అంచు కూడా ఇక్కడ కొంచెం నొక్కుకుపోయింది, చూడు. ముందే చెబుతున్నాను."

'చిన్న లోపం చెప్పాడంటే పెద్ద లోపం దాస్తున్నాడు' అనుకుంది పైడమ్మ.

"నచ్చకపోతేనో?"

"వచ్చే సంతకు వెనక్కి తెచ్చెయ్. నీ జొన్నలు నీకిస్తాను. నేనెక్కడికి పోతాను, ఈ బండ మీదే ఉంటాను."

'వెనక్కి తీసుకుంటానంటున్నాడా! అమ్మినవాడు వెనక్కి తీసుకోవడం ఎక్కడైనా ఉందా?' అనుకుంది పైడమ్మ. ఆమెకు ఒళ్ళంతా అనుమానం పాకింది. ఏమీ కొనకుండా ఎగిరిపోయింది. కూర్మయ్య పిలవలేదు. బతిమాలడం అతనికి చేతకాదు.

సంత చివర్లో ఒక కొమ్మ మీంచి ఎవరో "ఇష్, అక్కా!" అన్నారు. చూస్తే ఒక కొండముచ్చు. పేరు భూషణం. అంతకుముందు సంతలో వాణ్ణి ఎవరూ చూడలేదు. మీరైతే అక్కడే అనుమానపడేవారు కదూ? పైడమ్మ పడలేదు, వాడి దగ్గరికే వెళ్ళింది.

"ఆ ముసలాడు పది చెప్పాడా?" అన్నాడు భూషణం గొంతు తగ్గించి. "నాకు తెలుసక్కా. వాడు అందర్నీ దోచేస్తాడు. నువ్వు తెలివైనదానివి కాబట్టి పడలేదు."

తెలివైనదానివి అనేసరికి పైడమ్మ మెడ నిక్కింది. భూషణం సంచి విప్పాడు. లోపల నాలుగు గుర్రం నాణేలు! అప్పుడే పోత పోసినట్టు ఎర్రగా తళతళలాడుతున్నాయి.

"ఒక్కోటి ఐదు దొప్పలే. నాలుగూ తీసుకో. ఒకటి ఉంచుకుని, మిగతా మూడూ ఆ ముసలాడికే పదేసి దొప్పలకు అమ్ము. వాడి దెబ్బ వాడికే తగలాలి!"

"తూచి చూడొచ్చా?"

"అక్కాతమ్ముళ్ళ మధ్య తక్కెడేంటక్కా! తప్పు కదూ?"

"పోనీ వచ్చే వారం తీసుకుంటాను."

"వచ్చే వారం నేనెక్కడుంటానో నాకే తెలీదు. ఇవాళ నువ్వు కాదంటే అటు కాకమ్మ కాచుకుని ఉంది."

ఏళ్ళు వెతికినా ఒక్కటి దొరకని నాణేలు ఒక్క సంచిలో నాలుగెలా ఉన్నాయి? వందేళ్ళు మట్టిలో ఉన్న రాగి అంత ఎర్రగా ఎలా ఉంది? అనుమానపడాల్సిన చోట పైడమ్మ అనుమానం నిద్రపోయింది. కూర్మయ్యను బోల్తా కొట్టించాలన్న సరదా ఆమె కళ్ళు కప్పేసింది. గూటికి పరుగున వెళ్ళి పది దొప్పలు తెచ్చింది. తర్వాత రెండో కుప్ప కూడా తెచ్చింది. చెప్పాను కదా, గుర్తుపెట్టుకోమని. పిల్లల తిండి మొత్తం కొండముచ్చు సంచిలోకి పోయింది.

ఇంటికొచ్చి కొత్త నాణేన్ని అమ్మ ఇచ్చిన ఆరింటి పక్కన పెట్టింది. అది మెరుస్తోంది. మిగతావి దాని పక్కన నల్లగా, వెలవెలబోతూ కనిపించాయి. పైడమ్మకు మనసు ఒప్పలేదు. పచ్చి చింతకాయ తెచ్చి, ఇసుక కలిపి, ఆరింటినీ తెల్లారేదాకా... కాదు కాదు, పొద్దున్నే మొదలుపెట్టి పొద్దుగూకేదాకా తోమింది. రాగి చెంబు తోమితే తప్పులేదు. నాణెం చెంబు కాదు. కానీ ఆ మాట ఆమెకు చెప్పేవాళ్ళు లేరు. తోమేశాక ఏడూ ఒక్కలాగే మెరిశాయి. చూసుకుని మురిసిపోయింది.

మళ్ళీ లక్ష్మివారం వచ్చింది. పైడమ్మ మూడు నాణేలు తీసుకెళ్ళి కూర్మయ్య ముందు పోసింది.

"ముప్పై దొప్పలు కొలువు తాతా!"

కూర్మయ్య ఒకటి తీసి తక్కెడలో వేశాడు. తక్కెడ పైకి లేచింది. బరువు సగమే ఉంది. తర్వాత ఇనుమును లాగే సూదంటురాయిని దగ్గర పెట్టాడు. నాణెం టక్కున దానికి అతుక్కుంది.

"ఇనుప రేకు మీద రాగి పూత అమ్మా. ఎక్కడ కొన్నావు?"

పైడమ్మ సంత చివరికి ఎగిరింది. కొమ్మ ఖాళీగా ఉంది. భూషణం ఏ ఊరివాడో, ఎటు పోయాడో చెప్పేవాళ్ళు లేరు. ఆకాశం చూస్తే మబ్బులు కమ్ముతున్నాయి. గూట్లో గింజ లేదు. పైడమ్మకు ఏడుపు ఆగలేదు. గూటికి వెళ్ళి అమ్మ నాణేలు ఆరూ తెచ్చి బండ మీద పెట్టింది.

"ఇవి అసలైనవే తాతా. మా అమ్మవి. పిల్లల తిండి కోసం అమ్మేస్తున్నాను."

కూర్మయ్య ఒక్కోదాన్నీ తూచాడు. తూకం సరిగ్గానే ఉంది. కానీ తల లోపలికి లాక్కున్నాడు.

"వీటిని తోమావా?"

"తోమాను. మెరవాలని."

"ఆ నలుపే వీటి వయసు తల్లీ. నూరేళ్ళ మట్టి పెట్టిన గుర్తు అది. ఏనుగు తొండం చూడు, అరిగి చెరిగిపోయింది. పోయిన వారం తెచ్చుంటే ఒక్కోదానికి పది దొప్పలు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు దొప్పన్నర చేస్తుంది."

"కాస్త ఎక్కువ ఇవ్వు తాతా. చిన్నపిల్లలు..."

కూర్మయ్యకు జాలేసింది. అయినా తల అడ్డంగా ఊపాడు. "నీకు ఎక్కువిస్తే ఆ ఎక్కువ ఇంకొకడి దగ్గర లాగాలి. వాణ్ణి మోసం చేయాలి. అది నాకు చేతకాదమ్మా."

వారం కిందట ఆ మాట విని ఉంటే పైడమ్మ నవ్వేది. ఆ రోజు తల వంచుకుని నమ్మింది. ఆరు నాణేలకు తొమ్మిది దొప్పలు కొలిచి ఇచ్చాడు. పిల్లలకు తను తినకుండా పెట్టి ఎలాగో వానాకాలం గట్టెక్కించింది.

వానలు వెలిశాక ఒక పిల్ల తొర్ర మూలలో ఉన్న నాణేన్ని చూసి పైకి తీసింది. పైడమ్మ తనకోసం ఉంచుకున్న నాలుగో గుర్రం అది. చెమ్మకి పూత ఊడి నిండా తుప్పు పట్టింది.

"అమ్మా, అమ్మమ్మ నాణేలేవి? ఇదొక్కటే ఉందేం? దీన్ని తోమనా?"

పైడమ్మ ఆ నాణేన్ని పిల్ల దగ్గర్నుంచి తీసుకుని, ఉన్నచోటే పెట్టింది.

"వద్దమ్మా. దీని తుప్పు దీనికి ఉండనీ. మీరు పెద్దయ్యాక సంతకు వెళ్ళేటప్పుడు ముందు దీన్ని చూసి వెళ్ళండి."

నీతి: ఊరికే అనుమానపడితే మోసం ఆగదు; చోటు మారనివాడి దగ్గర, తూచనిచ్చేవాడి దగ్గర, తూచి చూసి కొనాలి.