పరుగుల కొలువు

కొండలకూ ఏటికీ నడుమ పినాకవరమనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రణధీరవర్మ ఏనాడూ యుద్ధం చూసినవాడు కాదు. కానీ మనిషిని చూడగానే వాడి విలువ కట్టేయగలనని ఆయనకు మహా నమ్మకం.

ఒకనాడు ఆయన మేడ మీద నిలబడి చూస్తే, కొలువు ఉద్యోగులు తాపీగా నడిచిపోతూ కనిపించారు. రాజుకు ఒళ్లు మండింది.

"పని మీద శ్రద్ధ ఉన్నవాడు నడవడు, పరుగెడతాడు! ఇకమీదట కోటలో ప్రతి ఉద్యోగీ పరుగునే పని చేయాలి. పరుగెత్తేవాడికి పై పదవి, నడిచేవాడికి ఉద్వాసన!" అని చాటింపు వేయించాడు.

ఇక చూడాలి కోటలో హడావిడి! వంటవాళ్లు పులుసు గిన్నెలతో పరుగెత్తి సగం నేలపాలు చేశారు. ఆస్థాన వైద్యుడు ఒకరి మందు ఇంకొకరి నోట్లో పోసి పక్క గదికి ఉరికాడు. మేడ మీది రాజుకు మాత్రం అందరూ మహా ఉత్సాహంగా కనిపించారు.

ఒక్క ఆయుధశాలలో ఉపాధికారి కేతన్న కదలకుండా కూర్చుని పని చేసేవాడు. మాటలో చురుకే గానీ పనిలో తొందర ఎరగని మనిషి. ప్రతి వింటినారినీ వేలితో లాగి చూసి, పురి వదిలినదాన్ని పక్కన పెట్టేవాడు. అతని తోటి ఉద్యోగి భుజంగరాయుడు మాత్రం, రాజు మేడెక్కే వేళకు బల్లేలు భుజాన వేసుకుని ఆయుధశాల చుట్టూ పరుగులు తీసేవాడు.

ఇంతలో ఆయుధశాలాధికారి ముసలితనం వల్ల తప్పుకున్నాడు. మర్నాటి కొలువులో ఆ పదవి భుజంగరాయుడికి ఇస్తారనీ, కేతన్నను సాగనంపుతారనీ కోటంతా గుప్పుమంది.

ఆ సాయంత్రం కేతన్న ఇంటికి వచ్చి ఆ మాటే చెప్పాడు.

"రేపొక్కరోజు మీరూ పరుగెత్తకూడదుటండీ?" అంది భార్య మాచమ్మ, కన్నీళ్లు ఆపుకుంటూ. "రాజు వెళ్లగొట్టిన మనిషికి ఈ ఊళ్లో ఎవరు పని ఇస్తారు?"

"పరుగెత్తడం ఎంతసేపు? కానీ నేను చూడకుండా ఇచ్చిన వింటికి యుద్ధంలో నారి తెగితే, అది పట్టుకున్న భటుడు ఎక్కడికి పరుగెత్తాలి చెప్పు?"

తెల్లవారగానే అతను రాజుగారి క్షురకుడు పోలయ్య ఇంటికి వెళ్లి, తన ఆలోచన చెవిన వేశాడు. పోలయ్య చేతులు జోడించాడు.

"రాజుగారి గొంతు దగ్గర కత్తి పెట్టి ఆటలా! నా తల ఎగిరిపోతుంది దొరా."

"కత్తి ఒంటికి తగలనివ్వకు, గాలిలోనే ఆడించు. ఆయనకు కోపం వస్తే నా పేరు చెప్పెయ్. ఆ పైన వచ్చే పాట్లు నేను పడతాను."

"ఈ పరుగుల్లోనే మా తమ్ముడు మరిగే నూనెతో చేయి కాల్చుకున్నాడు" అన్నాడు పోలయ్య చివరికి. "సరే. మీరు మాత్రం నా పక్కనుంచి కదలకండి."

కొలువుకు ముందు రాజు క్షౌరానికి కూర్చున్నాడు. విన్నపం ఉందంటూ కేతన్న వచ్చి ఓ పక్కన నిలబడ్డాడు. అంతలో పోలయ్య పరుగున వచ్చి చెంబెడు నీళ్లు రాజు ముఖాన కొట్టాడు. ఆసనం చుట్టూ గిరగిరా తిరుగుతూ గడ్డం కింద కత్తి రయ్యిరయ్యిన ఆడించాడు.

"ఆగరా! ఏమిటీ వీరంగం?" రాజు కెవ్వుమన్నాడు.

పోలయ్య కత్తి దించి కేతన్న వైపు చూశాడు. కేతన్న ముందుకు వచ్చాడు.

"తమ ఆజ్ఞే ప్రభూ! ప్రతి ఉద్యోగీ పరుగునే పని చేయాలన్నారు. పోలయ్యకూ పై పదవి మీద ఆశ ఉంటుంది కదా."

"గొంతు దగ్గర పరుగేమిటి? అక్కడ నిదానం ఉండాలి, శ్రద్ధ ఉండాలి!"

"ఆ మాట తమ నోట వినాలనే వచ్చాను. రేపు యుద్ధం వస్తే తమ భటులందరి ప్రాణాలూ మా ఆయుధశాల చేతిలో ఉంటాయి. తమ ఒక్క గొంతు దగ్గరే ఇంత నిదానం కావాలంటే, అన్ని గొంతుల దగ్గర నేనెలా పరుగెత్తను?"

రాజు గొంతు తడుముకున్నాడు.

"ఇది నీ పన్నాగమేనా?"

"నాదే ప్రభూ. శిక్ష ఉంటే నాకొక్కడికే."

రాజు అతన్ని అలాగే చూశాడు. తర్వాత ఎదురుగా ఉన్న అద్దంలో నీళ్లోడుతున్న తన ముఖం చూసుకుని ఒక్కసారిగా పకపకా నవ్వేశాడు.

"మేమేమీ భయపడలేదు సుమా! కానీ మేడ మీంచి మాకు మనుషుల కాళ్లే కనిపించాయి కేతన్నా, చేతులు కనిపించలేదు."

అప్పటికప్పుడే పరుగుల ఆజ్ఞ రద్దు చేయించాడు. పోలయ్యకు పట్టుబట్టలు ఇప్పించాడు. తన చేతి కంకణం తీసి కేతన్నకు తొడగబోయేసరికి, అంతసేపూ బిగబట్టి నిలబడ్డ కేతన్న నేల మీద కూలబడ్డాడు.

"లేవయ్యా ఆయుధశాలాధికారీ!" అన్నాడు రాజు.

"లేస్తాను ప్రభూ" అన్నాడు కేతన్న చెమట తుడుచుకుంటూ. "కాస్త నిదానంగా లేస్తాను."

రాజు మళ్లీ నవ్వి, తానే వంగి కంకణం తొడిగాడు.