మూడు దువ్వుల బంగారి

అనగనగా ఒక ఊళ్ళో, కోడి కూతకన్నా ముందే రాట్నాల చప్పుడు వినిపించే ఊళ్ళో, బంగారి అని ఒక పిల్ల ఉండేది. పిల్లంటే నీ అంత పిల్ల కాదు. ఇరవై రెండేళ్ళ పిల్ల.

ఊఁ కొడుతున్నావా? కొట్టు మరి. లేకపోతే నిద్రపోయావనుకుని నేనూ పడుకుంటాను.

బంగారికి ఏదైనా మెల్లగా తలకెక్కేది. పుట్టినప్పటినుంచీ అంతే. మాటలు కొన్నే వచ్చు. లెక్క మూడు దాకానే వచ్చు. అందుకని తన పనులన్నీ మూడేసిగానే జరిగేవి. మూడు ముద్దల అన్నం, కాసేపు ఆగి మళ్ళీ మూడు ముద్దలు. స్నానానికి మూడు చెంబులు, మళ్ళీ మూడు, ఒళ్ళు బాగా తడిసేదాకా అలాగే. మధ్యలో ఎవరైనా నాలుగో చెంబు పోశారో, మళ్ళీ మొదటినుంచీ రావాల్సిందే. జడ దగ్గర మాత్రం గొడవ లేదు. జడకి ఎలాగూ మూడు పాయలే కదా.

వాళ్ళమ్మ రావులమ్మ తెల్లారగానే చేనుకి పోయేది. అప్పుడు బంగారిని చూసుకోడానికి గవరమ్మ వచ్చేది. అదే ఆవిడ ఉద్యోగం. నలభై ఏళ్ళ మనిషి. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. అంతకుముందు ఇద్దరొచ్చి, నాలుగో చెంబు పోసి, ఆ గోల పడలేక పారిపోయారు. గవరమ్మ కూడా మొదటిరోజు నాలుగో చెంబు పోసింది. కానీ పారిపోలేదు. "సరే అమ్మడూ, నీ లెక్కేటో నాకు నేర్పు" అని చెంబు బంగారి చేతికే ఇచ్చింది. వారం తిరిగేసరికి నేర్చుకుంది కూడా.

ఆ ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళు ఒక పెద్ద పాకలో కూర్చుని నూలు వడికేవారు. ఎవరి పీట వాళ్ళది, ఎవరి వరస వాళ్ళది. అందరిలోకీ పెద్దావిడ ఎర్రమ్మ మామ్మ. ఆవిడకి చూపు బాగా తగ్గింది. అందుకని రోజూ పని మొదలుపెట్టే ముందు వరసగా పేర్లు పిలిచేది.

"లచ్చుమమ్మా?"

"ఉన్నాను."

"పోలమ్మా?"

"ఉన్నాను."

ఆఖరి పేరు పలికిందంటే చాలు, రాట్నాలన్నీ ఒక్కసారి గిర్రున తిరిగేవి.

బంగారికి ఆ పిలుపంటే ప్రాణం. రోజూ గవరమ్మ చెయ్యి పట్టుకుని పోయి పాక గుమ్మంలో నిలబడేది. ఎర్రమ్మ మామ్మ ఎవర్ని పిలిచినా బంగారి "ఉన్నాను" అనేది.

"ఏటే బంగారీ, లచ్చుమమ్మా నువ్వే, పోలమ్మా నువ్వేనా? మరి నానేటి, గోడనా?" అనేది పోలమ్మ. అందరూ నవ్వేవారు. బంగారి కూడా నవ్వేది.

కానీ పేర్లన్నీ అయిపోయాక ఇంకాసేపు అక్కడే నిలబడేది. ఆ తర్వాత గవరమ్మ వైపు తిరిగేది. ఆవిడని అప్పా అనేది, అంటే అక్కా అని.

"గవరప్పా, నా పేరు?"

రోజూ అదే ప్రశ్న. గవరమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేసేది.

ఒకరోజు ఇక ఉండబట్టలేక లోపలికి పోయి అడిగేసింది. "మామ్మా, ఈ పిల్లకో పీట ఎయ్యకూడదా?"

"ఎందుకెయ్యకూడదు? అందరికీ ఉన్న పరీక్షే దానికీని. తన చేత్తో ఒక బుట్ట పత్తి దువ్వి పట్టుకు రమ్మను" అంది ఎర్రమ్మ మామ్మ.

పత్తి దువ్వడమేమిటంటావా? నీ జుట్టు దువ్వినట్టే. ఆ ఊళ్ళో గింజ తియ్యకముందే పత్తిని దువ్వుతారు. దువ్వెన ఏమిటో తెలుసా? వాలుగ చేప దవడ. నిజం. ఎండబెట్టిన దవడ. దాన్నిండా ఇసకరేణువులంత పళ్ళు. దాంతో మెత్తగా దువ్వితే చెత్తంతా రాలిపోయి, గింజ చుట్టూ దూది పిల్లి బొచ్చులా నిలబడుతుంది.

గవరమ్మ ఒక దవడ తెచ్చింది. ఒక బుట్ట పత్తి తెచ్చింది. బంగారికి ఎలా దువ్వాలో చూపించింది. ఒకసారి కాదు, వంద సార్లు. అప్పుడు బంగారి దూదితో ఉన్న గింజ ఒకటి చేతిలోకి తీసుకుంది. ఒకటి, రెండు, మూడు. మూడు దువ్వులు దువ్వి పక్కన పెట్టింది. ఇంకో గింజ తీసింది. ఒకటి, రెండు, మూడు.

అబ్బ, ఎంత బాగా దువ్విందనుకున్నావు. కానీ ఎంత మెల్లగా. మధ్యాహ్నానికి బుట్ట అడుగు కూడా నిండలేదు.

గవరమ్మ ఎండ వైపు చూసింది, బుట్ట వైపు చూసింది. పాకలో వాళ్ళందరూ ఆ పరీక్ష సగం పూటలో ముగించినవాళ్ళే. సాయంత్రానికి బుట్ట నిండకపోతే పిల్ల ఏడుస్తుంది. ఆ ఏడుపు చూడ్డం తన వల్ల కాదు. బంగారి భోంచేసి కునుకు తీసింది. అప్పుడు గవరమ్మ దవడ అందుకుంది. చకచకా దువ్వేసి బుట్ట నింపేసింది.

సాయంత్రం ఇద్దరూ బుట్ట పట్టుకుని పాకకి పోయారు. ఎర్రమ్మ మామ్మ బుట్టలో చెయ్యి పెట్టింది. ఒక పిడికెడు తీసి వేళ్ళ మధ్య నలిపింది. రెండో పిడికెడు తీసింది. మూడో పిడికెడు తీసింది.

"దీన్ని ఇద్దరు దువ్వారు" అంది. "ఒకరికి తీరికుంది. ఒకరికి తొందరుంది."

గవరమ్మ తల దించుకుంది.

"నీ చెయ్యి మంచిదేనే గవరమ్మా. కానీ పీట నీక్కాదు కదా" అంది మామ్మ. బుట్ట వెనక్కిచ్చేసింది.

బంగారి ఆ బుట్ట పట్టుకుని ఇంటికి నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, "నా బుట్ట" అంది. అంతే. తిట్టలేదు, ఏడవలేదు. గవరమ్మకి ఆ రెండు మాటలూ రెండు మొట్టికాయల్లా తగిలాయి.

మర్నాడు గవరమ్మ గట్టిగా అనుకుంది, ఈసారి పత్తి మీద చెయ్యి వెయ్యనని. వెయ్యలేదు కూడా. కానీ చెయ్యి ఊరుకుంటే నోరు ఊరుకుంటుందా?

"కానీ అమ్మడూ, కానీ. ఎండెక్కిపోతోంది. అదిగో, లచ్చుమమ్మ అప్పుడే ఇంటికి పోతోంది. కానియ్యి తల్లీ."

ఒకటి, రెండు, కానియ్యి. ఒకటి, కానియ్యి. బంగారి లెక్క తప్పింది. మొదటినుంచీ మొదలుపెట్టింది. మళ్ళీ తప్పింది. దవడ జారి రాతి గట్టు మీద పడి రెండు ముక్కలైంది.

బంగారి ఆ ముక్కలు చూసి, చెవులు మూసుకుని, మూలకి పోయి కూర్చుంది. గవరమ్మ అప్పుడు నోరు మూసుకుంది. ఎప్పుడో మూసుకోవాల్సింది.

ఆ రాత్రి గవరమ్మకి ఒక సంగతి తట్టింది. సాయంత్రంలోగా నిండాలని ఎవరు చెప్పారు? ఎంత గుర్తు చేసుకున్నా ఎవరూ చెప్పినట్టు లేదు.

తెల్లారగానే పరిగెత్తుకుంటూ పోయి ఎర్రమ్మ మామ్మని అడిగింది. "మామ్మా, బుట్ట నింపడానికి గడువెంత?"

"గడువేటి? బుట్ట నిండాలన్నాను. పొద్దుగుంకేలోగా అన్నానా?"

"మరి ముందే చెప్పలేదేటి?"

"ముందు ఎవరడిగారు?" అంది మామ్మ, రాట్నం తిప్పుతూనే.

ఊఁ. వింటున్నావు. మంచిది.

అప్పుడు గవరమ్మ కొత్త దవడ కోసం రేవుకి బయల్దేరింది. ఈసారి బంగారిని కూడా వెంట తీసుకుపోయింది. చేపలమ్మే నూకాలు దవడలన్నీ గోనె మీద పరిచింది. గవరమ్మ చెయ్యి చటుక్కున ముందుకి పోయింది. మళ్ళీ వెనక్కి తీసుకుని, చీర కొంగులో చుట్టేసుకుంది.

"నువ్వే ఏరుకో అమ్మడూ."

బంగారి ఒక దవడ తీసి మోచెయ్యి మీద రాసుకుంది. ఊహూఁ. రెండోది రాసుకుంది. ఊహూఁ. మూడోది రాసుకుంది. కిలకిలా నవ్వింది.

"అమ్మో, ఎంచి ఎంచి మేలైనది పట్టింది మీ పిల్ల. దాని పళ్ళు ఒక్కటీ పోలేదు. అది నా కోసం దాచుకున్నాను" అంది నూకాలు.

"నువ్వూ పత్తి దువ్వుతావేటి?"

"లేదు. వీపు గోక్కుంటాను."

ముగ్గురూ కడుపుబ్బా నవ్వారు.

ఆ తర్వాత బంగారి పని మొదలుపెట్టింది. గవరమ్మ ఎదురుగా కూర్చుంది, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని. అవును, నువ్వు బడిలో కూర్చున్నట్టే. నవ్వకు. చురుకైన మనిషికి అంతకన్నా కష్టమైన పని ఇంకోటి లేదు. బంగారి మంచినీళ్ళడిగితే ఇచ్చింది. పత్తి దూరమైతే దగ్గరికి జరిపింది. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. ఏమీ అనలేదు. చేతులు తిమ్మిరెక్కాయి. నాలుక దురద పెట్టింది. ఓర్చుకుంది.

అలా మాటలేకుండా కూర్చుంటే గవరమ్మకి ఒకటి వినిపించింది. బంగారి లోలోపల పాడుకుంటోంది. ఇన్నాళ్ళూ తన మాటల గోలలో తనకే వినపడలేదు.

*ఒకటి గింజకి,*
*రెండు దూదికి,*
*మూడు బంగారికి.*

మొదటిరోజు బుట్ట అడుగు నిండింది. గుడ్డ కప్పి ఉట్టి మీద పెట్టారు. రెండోరోజు బుట్ట సగం నిండింది. మళ్ళీ గుడ్డ కప్పారు. మూడోరోజు పొద్దు వాలేవేళకి దూది బుట్ట అంచు దాటింది.

బుట్ట బంగారే నెత్తిన పెట్టుకుంది. గవరమ్మ వెనకాల నడిచింది. పాకలో రాట్నాలు ఆగిపోయాయి.

ఎర్రమ్మ మామ్మ ఒక పిడికెడు తీసింది. ఏమీ అనలేదు. రెండో పిడికెడు తీసింది. ఏమీ అనలేదు. మూడో పిడికెడు తీసి చెంపకి ఆనించుకుంది.

"ఒకే చెయ్యి" అంది మామ్మ. "నేను దువ్విందాని కంటే మెత్తగుంది. పీట ఎయ్యండే."

పోలమ్మ జరిగి తన పక్కన చోటిచ్చింది. "రావే బంగారీ. ఇకనుంచి నా పేరు నాకొదిలెయ్యి."

మర్నాడు పొద్దున్న బంగారి తన పీట మీద కూర్చుని, అందరూ వడికే పత్తి దువ్వడం అప్పుడే మొదలుపెట్టింది. ఎర్రమ్మ మామ్మ పేర్లు మొదలుపెట్టింది. లచ్చుమమ్మ పలికింది. పోలమ్మ పలికింది. బంగారి వాళ్ళ పేర్లకి పలకలేదు. తన పనిలో తాను ఉంది.

"బంగారీ?"

అందరూ అటు తిరిగారు. గుమ్మంలో నిలబడ్డ గవరమ్మ నోరు తెరవబోయి, అరచేత్తో మూసేసుకుంది. బంగారి చేతిలో గింజకి రెండు దువ్వులే అయ్యాయి. ఆగమని వేలు చూపించింది. మూడో దువ్వు దువ్వింది. గింజ పక్కన పెట్టింది. అప్పుడు తలెత్తి, పాకంతా మోగేలా అంది.

"ఉన్నాను."

రాట్నాల మీదికి చేతులు పోయాయి. కానీ బంగారి లేచి నిలబడింది.

"ఇంకో పేరు."

"ఇంకెవరున్నారే? నీదే ఆఖరు" అంది ఎర్రమ్మ మామ్మ.

"గవరప్ప."

"గవరమ్మ ఇక్కడ పని చెయ్యదు కదే. ఆవిడకి పీట లేదు."

"గవరప్ప ఉంది" అంది బంగారి.

మామ్మ రాట్నం మీంచి చెయ్యి తీసింది. చూపు ఆనకపోయినా మొహం గుమ్మం వైపు తిప్పింది.

"నిజమే. ఉంది" అంది. "గవరమ్మా?"

గవరమ్మ నోటి మీది చెయ్యి తీసింది. చేతుల కేసి చూసుకుంది, కొంగు సర్దుకుంది.

"తొందర లేదు గవరప్పా. ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టింది బంగారి.

"ఉన్నాను" అంది గవరమ్మ.

అప్పుడు రాట్నాలన్నీ ఒక్కసారి గిర్రున తిరిగాయి.

ఆ రోజునుంచీ ఆ పాకలో ఆఖరి పేరు గుమ్మంలో నిలబడ్డవాళ్ళది. బంగారి పేరు దగ్గర మాత్రం అందరూ మూడు దువ్వులసేపు ఆగుతారు. దాని వల్ల ఎవరి నూలూ తగ్గలేదు.

అదీ సంగతి. కాళ్ళు దుప్పట్లో పెట్టు. నాతోపాటు అను.

*ఒకటి గింజకి,*
*రెండు దూదికి,*
*మూడు బంగారికి,*
*దవడేమో బుట్టకి,*
*బుట్టేమో ఉట్టికి,*
*కథేమో కంచికి,*
*మనమేమో పక్కకి.*