కంబగిరి మందారం

మౌలాలి మందారం కొమ్మను కొండకింది అవ్వకు ఇచ్చేశాడని తెలిసిన పొద్దున కంబగిరికి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి?

ఓబుళయ్య తాత ఆశ్రమంలో పూలతోట కంబగిరిదే. పసుపు మందారం ఇంకా విచ్చుకోకముందే దాని పుప్పొడి గిల్లేసి, ఎర్రమందారం పుప్పొడి తెచ్చి అద్ది, ఈగ వాలకుండా గుడ్డ కట్టి, కాయ ఎండేదాకా కాపలా కాశాడు. ఆ గింజల్లోంచి లేచిన మొక్కలు చాలావరకు వెలిసిపోయిన పూలే పూశాయి. ఒక్కటి మాత్రం, అబ్బ, ఏం పూసిందనుకున్నారు! మామిడిపండు రంగు రేకులు, నడుమ నెత్తుటి మరక. అట్లాంటి పువ్వు ఇంకెక్కడా లేదు. దాని గింజ వేసినా అదే పువ్వు రాదు, కొమ్మ నాటితేనే వస్తుంది. అందుకే కంబగిరి ఎవరు బతిమాలినా కొమ్మ ఇవ్వలేదు.

తోటి శిష్యుడు మౌలాలికి అదేం పట్టలేదు. కత్తిరించి పడేసిన కొమ్మనొకదాన్ని తీసుకుపోయి మజ్జిగమ్మే సుబ్బవ్వ చేతిలో పెట్టాడు. ఆమె బట్టలుతికే బండ పక్కన నాటుకుంది. అది వేళ్ళు కూడా పట్టింది.

కంబగిరి తాత దగ్గర నానా యాగీ చేశాడు. ఆశ్రమంలో మౌలాలన్నా ఉండాలి, తానన్నా ఉండాలన్నాడు.

"లోకంలో అది ఒక్కటే ఉండాల తాతా. రెండోది ఉండేదానికి లేదు."

"అయితే పోయి పెరుక్కొని రా," అన్నాడు తాత.

కంబగిరి విసవిసా కొండ దిగాడు. సుబ్బవ్వ అడ్డమొచ్చి, రోజూ నీళ్ళుపోసి పెంచుకున్నాను నాయనా, ముట్టుకోవద్దని బతిమాలింది. వినే స్థితిలో ఉంటేగా! ఒక్క లాగు లాగాడు. అవ్వ దుమ్మెత్తిపోస్తూనే ఉంది. అతను వెనక్కి తిరగకుండా ఎర్రటి ఎండలో కొండెక్కాడు.

ఆశ్రమం పెరడంతా పొగ. పొయ్యి ముందు తాత దగ్గుకుంటూ, అంబలికుండ కింద పచ్చికట్టెలు ఎగదోస్తున్నాడు. కట్టెలకు ఇంకా మొగ్గలున్నాయి. తోటలో మందారం ఉన్నచోట గుంత మిగిలింది.

కంబగిరి గురువని కూడా చూడలేదు. నీకసలు మనసుందా, నా కష్టం నీ అంబలికి కట్టెలయిందా అని గొంతు చించుకున్నాడు. మౌలాలి వచ్చి భుజం పట్టుకుంటే విదిలించి కొట్టాడు.

తాత పొయ్యి మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఒక్కటే ఉండాలంటివి గదరా. ఉంది. నీ చేతిలో చూసుకో."

కంబగిరి చూసుకున్నాడు. ఆకులు వాలిపోయాయి. వేళ్ళకు మన్ను లేదు. పిడికిలి బిగిసినచోట బెరడు ఊడివచ్చింది.

కంబగిరి ఆ మొక్కను కడవలో ముంచి, తడిగుడ్డలో చుట్టి, మళ్ళీ కొండ దిగాడు. ఈసారి పరుగెత్తాడు.

సుబ్బవ్వ కోపం చల్లారలేదు. అతన్ని చూడగానే మొహం తిప్పేసుకుంది.

"అవ్వా, ఇది నా చేతుల్లో బతకదు. నువ్వు నాటు."

ఆమె మొక్కను లాక్కుని, బండ పక్కన కూలబడి, ఆ గుంతలోనే వేళ్ళతో మన్ను తవ్వింది.

"చూస్తా నిలబడినావేం? నీళ్ళు పట్టుకురా," అంది.

కంబగిరి బిందె ఎత్తుకున్నాడు.