నక్క వెనక్కి తిరిగి ఎందుకు చూస్తుంది?

ఒకప్పుడు నక్కలు మనుషుల పక్కనే బతికేవి. అడవిలో పులి ఉంటుంది, ఊళ్ళో మనిషి ఉంటాడు, ఇద్దరిలో మనిషే నయం అనుకునేవి. చేల గట్ల మీద బొరియలు తవ్వుకుని, అక్కడే పిల్లల్ని కనేవి. మనిషి ఎదురొస్తే కాస్త పక్కకు జరిగి దారి ఇచ్చేవి. అంతేగాని పారిపోయేవి కావు.

ఎర్రగట్టు అనే ఊరి చివర సుంకమ్మకు ఒక వేరుశనగ చేను ఉండేది. ఆమె మొగుడు ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. ఆ చేని గట్టు మీద ఒక ఆడనక్క కాపురం ఉండేది. ఒళ్ళంతా బూడిదరంగు, తోక చివర మసి పూసినంత నలుపు. సుంకమ్మ దాన్ని "బూడిదమ్మా" అని పిలిచేది. నక్క ఆమెను "అక్కా" అనేది.

బూడిదమ్మ చేలో ఎలకల్ని పట్టేది. పుట్టలు తవ్వి చెదల్ని తినేది. రేగుపండ్లు రాలితే అవీ వదిలేది కాదు. మధ్యాహ్నం సుంకమ్మ సంగటి మూట విప్పగానే వచ్చి ఎదురుగా కూర్చునేది.

"ఇవాళ ఎన్ని ఎలకలే?"

"ఆరు పట్టానక్కా. ఇంకోటి తప్పించుకుంది. రేపు దాని పని చెప్తా."

సుంకమ్మ నవ్వి, చిన్న ముద్ద ఒకటి దాని ముందు పెట్టేది.

ఆ సంవత్సరం వానలు పడలేదు. వేరుశనగ మొలవకముందే మాడిపోయింది. గింజ లేని చేలో ఎలక మాత్రం ఎందుకుంటుంది? ఎలకలు వెళ్ళిపోయాయి. చెదలు నేల లోతుల్లోకి దిగిపోయాయి. ఊళ్ళోవాళ్ళకు మిగిలినవి కోళ్ళే. గుడ్లు పక్కూరికి పట్టుకుపోయి జొన్నలు తెచ్చుకునేవాళ్ళు. ఆ జొన్నలతోనే పొయ్యి వెలిగేది.

ఇంతలో కోళ్ళు మాయమవడం మొదలైంది. ఒకరింట్లో ఒకటి పోయింది. ఇంకొకరింట్లో రెండు పోయాయి. చూస్తుండగానే పన్నెండు పోయాయి. ఆడవాళ్ళు ఖాళీ గంపలు చూసుకుని ఏడ్చారు.

ఒకరోజు పొద్దున అందరూ ఓబన్న ఇంటి ముందు పోగయ్యారు. ఓబన్న ఊరికి పెద్ద. సుంకమ్మకు సొంత అక్క కొడుకు.

"ఇది నక్క పనే" అన్నాడు ఓబన్న.

"నువ్వు చూశావా?" అంది సుంకమ్మ.

"చూడాలా చిన్నమ్మా? దానికి నాలుగు పిల్లలు పుట్టాయి. చేలో ఎలకలు లేవు. మరి ఏం పెట్టి సాకుతోంది?"

సుంకమ్మ చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చూసింది.

"అన్నాలు తిని బయల్దేరదాం" అన్నాడు ఓబన్న. "ఎండుమిరపకాయలు కాల్చి బొరియలో పొగ పెడదాం. బయటికొస్తే కర్రలున్నాయి."

సుంకమ్మ ఇంటికి పోలేదు. తిన్నగా చేనికి పరుగెత్తింది. దారిలో ఒక చెప్పు జారిపోయింది. దాన్ని తీసుకోడానికి కూడా ఆగలేదు.

"బూడిదమ్మా! నిజం చెప్పు. కోళ్ళను తిన్నావా?"

నక్క తల వంచుకుంది.

"ఒకటి తిన్నానక్కా. పిల్లలు పుట్టిన మూడో రోజు. నాకు పాలు రాలేదు. ఓబన్న ఇంటి తెల్లకోడి. మిగతా పదకొండూ నేను ముట్టలేదు."

సుంకమ్మ గట్టు మీద కూలబడింది. ఒక్కటి కూడా తినకపోయి ఉంటే ఊరితో పోట్లాడేది. ఇప్పుడు ఏ ముఖంతో పోట్లాడాలి?

"ఆ మాట నాతో ఎందుకు చెప్పలేదే?"

"నీకు కోపమొస్తుందని భయమేసింది."

సుంకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరేలే. వాళ్ళొస్తున్నారు. పిల్లల్ని తీసుకుని ఆ రాళ్ళగుట్ట దాటి పో. తొందరగా!"

"వాటికింకా నడక రాదక్కా!"

"నోట కరుచుకుని ఒక్కొక్కదాన్ని దాటించు. నేనిక్కడుంటా."

బూడిదమ్మ మొదటి పిల్లను కరుచుకుని పరుగు తీసింది. రాళ్ళగుట్ట చాలా దూరం. వచ్చి రెండోదాన్ని తీసుకుపోయింది. మళ్ళీ వచ్చేసరికి నాలుక బయటికి వేలాడుతోంది, కాళ్ళు వణుకుతున్నాయి. సుంకమ్మ కళ్ళు ఊరి దారి మీదే ఉన్నాయి. దారిలో గాలికి గడ్డిపోచ కదిలినా ఉలిక్కిపడుతోంది.

నక్క మూడోదాన్ని తీసుకుని వెళ్ళిందో లేదో, ఊరివైపు దుమ్ము లేచింది.

నాలుగోది ఇంకా లోపలే ఉంది. అన్నిట్లోకీ చిన్నది. బొరియ అడుగున ముడుచుకుని పడుకుంది. అప్పట్లో నక్క బొరియకు ఒక్కటే ద్వారం. సుంకమ్మ వెళ్ళి సరిగ్గా ఆ ద్వారం మీద కూర్చుంది. కాళ్ళు బారచాపుకుంది.

మగవాళ్ళు పదిమంది వచ్చారు. చేతుల్లో కర్రలు, గడ్డపారలు, ఒక నిప్పులకుండ.

"చిన్నమ్మా, లే" అన్నాడు ఓబన్న.

"లేవను."

"కోళ్ళు పోయినవాళ్ళ ముందు నాకు మాట తేకు. లే!"

"నన్ను లాగి పారెయ్. నీకు చేతులు వస్తాయేమో చూస్తా."

ఓబన్న పళ్ళు కొరికాడు. చిన్నమ్మ మీద చెయ్యి వెయ్యలేడు.

అంతలో బూడిదమ్మ తిరిగొచ్చింది. తంగేడు పొదల్లోంచి చూసింది. బొరియ చుట్టూ మనుషులు! ఎలా పోవాలి? పొట్ట నేలకు ఆనించి పాకుతూ గట్టు వెనక్కి చేరింది. అక్కడినుంచి తవ్వడం మొదలుపెట్టింది. వానల్లేని నేల రాయిలా ఉంది. గోళ్ళు విరిగాయి. అయినా తవ్వుతూనే ఉంది.

కింద గరగరమని చప్పుడు. సుంకమ్మకు వినిపించింది. అమ్మో, వీళ్ళకూ వినిపిస్తే! ఆమె ఒక్కసారిగా గొంతెత్తి ఏడుపు లంకించుకుంది.

"ఒరే ఓబన్నా! నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు పాలు రాలేదురా! కరువురా అప్పుడు కూడా! నీ నోట్లో పాలు పోసిందెవరురా?"

"నువ్వే చిన్నమ్మా. ఇప్పుడా మాటలెందుకు?"

"ఎవరి మేకను పిండుకొచ్చానో తెలుసా? పక్కింటి మేకను! వాళ్ళకు చెప్పకుండా! పది రోజులు పిండుకొచ్చాన్రా!"

వెనక నిలబడ్డవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో దొణప్ప అనేవాడికి మాత్రం సహనం లేదు. నిప్పులకుండలో గుప్పెడు మిరపకాయలు వేసి, సుంకమ్మ పక్కన పెట్టి ఊదాడు.

ఘాటు పొగ లేచింది. సుంకమ్మకు ఊపిరాడలేదు. తెరలు తెరలుగా దగ్గు వచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. అయినా లేవలేదు. పొగ ఆమె చీర కిందినుంచి బొరియలోకి పాకింది. లోపల పిల్ల కీచుమంది.

ఆ కీచు విని బూడిదమ్మ ఇంకా గట్టిగా తవ్వింది. ఫెళ్ళున మట్టి విరిగింది. తల లోపలికి దూర్చి, పిల్లను కరుచుకుని, ఒక్క గెంతు గెంతింది.

"అదిగో! పోతోంది!" దొణప్ప అరిచాడు. కర్రలు గాల్లోకి లేచాయి. రాళ్ళు పడ్డాయి. బూడిదమ్మ పరుగెత్తింది, పరుగెత్తింది, రాళ్ళు అందనంత దూరం పోయింది.

అక్కడ టక్కున ఆగింది.

అక్క ఏమైంది?

వెనక్కి తిరిగి చూసింది. పొగ మధ్య సుంకమ్మ ఒరిగిపోయి ఉంది. చుట్టూ మనుషులు. చేతుల్లో కర్రలు. వెనక్కి పోదామంటే నోట్లో పిల్ల ఉంది. ముందుకు పోదామంటే కాళ్ళు కదలడం లేదు.

"పో!" దగ్గుతూనే కేక వేసింది సుంకమ్మ. "పోవే!"

ఓబన్న చెయ్యి పైకి లేవడం కనిపించింది. బూడిదమ్మ ఇక చూడలేకపోయింది. ముఖం తిప్పుకుని గుట్టవైపు పరుగు తీసింది.

ఓబన్న ఆ చేత్తో కర్ర దూరంగా విసిరేశాడు. చిన్నమ్మను ఎత్తి కూర్చోబెట్టి నీళ్ళు తాగించాడు. అది నక్క చూడలేదు.

నక్క పోయాక కూడా కోళ్ళు పోతూనే ఉన్నాయి. నాలుగో రోజు తెల్లవారుతుండగా, ఓబన్న భార్య గంప దగ్గర అడవిపిల్లిని చూసింది. దాని నోట్లో కోడిపెట్ట ఉంది. ఊరంతా తల వంచుకుంది.

"మేం తప్పు చేశాం చిన్నమ్మా. నీ నక్కను పిలుచుకొద్దాం పద" అన్నాడు ఓబన్న.

ఇద్దరూ రాళ్ళగుట్టకు వెళ్ళారు. సుంకమ్మ గొంతు పొగకు పోయింది, గుసగుస తప్ప మాట రావడం లేదు. అందుకని ఓబన్నే పిలిచాడు. "బూడిదమ్మా! రావే! నిన్నేమీ అనం!"

రాళ్ళ చాటునుంచి నక్క తల ఎత్తింది. దానికి ఓబన్న గొంతే వినిపించింది. అంతే, పిల్లల్ని ముందుకు తోసుకుంటూ పరుగెత్తింది. కొంతదూరం పోయాక నిలబడి వెనక్కి చూసింది. ఎవరో ఇద్దరు మనుషులు. అందులో ఒకరు చీర కట్టుకున్నట్టే ఉంది. అక్కేనా? అక్క బతికే ఉందా? ఎండలో కళ్ళు చికిలించి చూసింది. దూరం వల్ల ముఖం ఆనలేదు.

సుంకమ్మ రెండు చేతులూ ఊపింది. నక్క ఇంకాసేపు నిలబడింది. తర్వాత పిల్లల వెంట వెళ్ళిపోయింది.

ఆ గుట్ట అవతల బూడిదమ్మ కొత్త బొరియ తవ్వుకుంది. ఈసారి నాలుగు దారులు పెట్టింది. పిల్లలు పెద్దయ్యాక ఇలా చెప్పింది: "మనిషి కనిపిస్తే పరుగెత్తండి. కానీ దూరం పోయాక ఒక్కసారి ఆగి చూడండి."

"ఎందుకమ్మా?"

"మీ పెద్దమ్మ అయ్యుంటుందేమో."

అప్పటినుంచే నక్క మనిషిని చూడగానే పారిపోతుంది. కొంతదూరం పోయాక ఆగి, వెనక్కి తిరిగి మన ముఖంలోకి ఒక్కసారి చూసి, అప్పుడు పొదల్లోకి వెళ్ళిపోతుంది.