తౌడు దించిన కర్ర

అనగనగా, ఏ యేడో ఎవరికీ గుర్తులేని కాలంలో, కొండ కనుమ పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో కర్రసాము నేర్పే గురువు సన్యాసినాయుడు. ఆయన గోదాలో ఒకటే కట్టుబాటు. పాఠం అయ్యాక గురువు తన కర్రతో శిష్యుడి కర్రను తాకి "చాలు, దించు" అనాలి. అనేదాకా ఎత్తిన కర్ర దించకూడదు.

తాళ్ళు పేనే పోలమ్మకు ఒక్కడే కొడుకు, తౌడు. ఇరవై ఏళ్ళొచ్చినా చేతివేళ్ళు లెక్కపెట్టలేడు. ఏదైనా బుర్రకెక్కడానికి చాలా కాలం పట్టేది. ఎక్కిందంటే మాత్రం పోయేది కాదు.

"దారంట పోయేవోళ్ళు రాళ్ళేస్తన్నారు బాబూ. తలైనా కాసుకోడం నేర్పండి," అని పోలమ్మ బతిమాలింది.

నాయుడు తల అడ్డు నేర్పాడు. రెండు చేతులా కర్ర పట్టి నెత్తికి అడ్డంగా ఎత్తడం. మిగతావాళ్ళకు మూడు రోజుల పని. తౌడుకు మూడేళ్ళు పట్టింది. ఆ తర్వాత ఎవరెంత గట్టిగా వేసినా అతని తలకు దెబ్బ తగల్లేదు.

"ఇంకోటి నేర్పరేటి బాబూ?" అన్నాడు తౌడు, డొక్క మీద చెయ్యి పెట్టుకొని. "ఇక్కడ కూడా తగుల్తాది గదా."

పక్కవాళ్ళు నవ్వారు. "రెండోది దూరాలంటే మొదటిది బయటికి పోవాల్రా తౌడూ! బుర్రలో చోటేదీ?"

నాయుడికీ నవ్వొచ్చింది. "రేపు చూద్దాంలే," అన్నాడు.

వానలు వెలిశాక తౌడు మళ్ళీ అడిగాడు. రేపు చూద్దాంలే. కోతలయ్యాక అడిగాడు. రేపు చూద్దాంలే.

మరుసటేడు కరువు. విత్తనాల గాదెల మీద దొంగలు పడతారని కబురొచ్చింది. నాయుడు పందొమ్మిది మందిని వెంటబెట్టుకొని వాగు వైపు కాశాడు. కనుమ దారిన ఎవరూ రారనుకొని తౌడును అక్కడ నిలబెట్టాడు.

"ఎత్తు కర్ర. నేనొచ్చి చాలు అనేదాకా దించకు."

తెల్లవారుతుండగా దొంగలు వాగు వైపే వచ్చారు. దెబ్బలు తిని చెదిరిపోయారు. నాయుడు మనుషుల్ని లెక్కపెట్టాడు. పందొమ్మిది. సరిపోయింది. అందరూ గంజి తాగడానికి కూర్చున్నారు.

పోలమ్మ వచ్చి అందరి ముఖాలూ చూసింది. "నాయుడుబాబూ, మా తౌడికి సాలు అన్నారేటి?"

నాయుడు ముంత వదిలేసి, కర్ర అందుకొని కనుమకు పరిగెత్తాడు.

కనుమలో తౌడు బండకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. కర్ర నెత్తికి అడ్డంగా ఎత్తే ఉంది. దాని మీద మూడు కత్తిగాట్లు. పారిపోతూ అటు వచ్చిన దొంగలు మూడుసార్లు తల మీదికి వేశారు. నాలుగోసారి డొక్కలో పొడిచారు. కాళ్ళ కింద నేల తడిసిపోయింది.

"తలకి తగల్నేదు బాబూ," అన్నాడు తౌడు.

నాయుడు తన కర్రతో అతని కర్రను తాకాడు.

"చాలు నాయనా. దించు."

తౌడు కర్ర దించాడు. ఆ తర్వాత ఒరిగిపోయాడు.

నాయుడు మళ్ళీ గోదాలో అడుగు పెట్టలేదని కొందరంటారు. పెట్టాడు, బతికున్నన్నాళ్ళూ డొక్క అడ్డు ఒక్కటే నేర్పాడని మరికొందరంటారు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో మొదటిరోజు నేర్పేది తల అడ్డు కాదు, డొక్క అడ్డు. దాన్ని తౌడు అడ్డు అంటారు. గోదాలో ఎవరూ "రేపు" అనరు. పొద్దు వాలేవేళ గురువు ప్రతి కర్రనూ తాకి, చివరికి కనుమ దాకా నడిచి, అక్కడి బండనూ తన కర్రతో తాకుతాడు.

"చాలు నాయనా, దించు," అంటాడు.

అది విన్నాకే శిష్యులు ఇళ్ళకు పోతారు.