పులుసులో పడిన నక్షత్రం

సిస్టర్ శౌరమ్మ చేసే కార్డుల్లో తప్పుపట్టడానికి ఏమీ ఉండేది కాదు. అయినా వాటిని ఎవరూ ముందుగా తీసుకునేవారు కాదు. ఆవిడ బాధంతా అదే.

కొండ వారగా ఉన్న ఆ చిన్న మఠంలో ఏడుగురు మఠకన్యలు ఉండేవారు. క్రిస్మస్‌కి ముందు ఆగమన కాలం మొదలైతే చాలు, భోజనాల బల్ల సగం కాగితాలతో నిండిపోయేది. ఊళ్ళోవాళ్ళు ఏడాది పొడుగునా దాచి ఇచ్చిన పాత శుభలేఖలు, అగరొత్తుల పెట్టెలు, చాక్లెట్ల బంగారు కాగితాలు, చీరల అంచులు, ఊడిన చమ్కీలు, తెగిన దండల్లోని పూసలు. వాటితో పండగ కార్డులు చేసి క్షయ ఆసుపత్రికి పట్టుకెళ్ళేవారు. అక్కడ అరవై మంచాలు, అరవై కార్డులు. ఏ మతంవాళ్ళైనా సరే, పళ్ళెంలోంచి నచ్చింది తీసుకుని తలగడ పక్కన పెట్టుకునేవారు.

పదకొండేళ్ళుగా ఆ పనికి పెద్ద శౌరమ్మే. ఆవిడ తండ్రి గుంటూరులో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా చేసి పోయాడు. ఆయన చెక్కించి ఇచ్చిన టేకు అచ్చులు ఇరవైరెండు ఆవిడ దగ్గరున్నాయి. నక్షత్రం, గంట, దేవదూత, పశువుల తొట్టి. ఆవిడ అచ్చు వేస్తే అంచు చెదరదు. కాగితం కత్తిరిస్తే స్కేలు పెట్టి చూసినా వెంట్రుకవాసి తేడా దొరకదు.

ఏటా ఒక్క కార్డు మాత్రం మేత్రాణులవారికి, అంటే బిషప్పుగారికి వెళ్ళేది. అది ఎవరు చెయ్యాలో మఠం పెద్ద మదర్ ఇన్నాసమ్మ చెప్పాలి. పదకొండేళ్ళూ ఆవిడ శౌరమ్మ పేరే చెప్పింది. ఆ మాట వినడం కోసమే శౌరమ్మ ఏడాదంతా ఎదురుచూసేది. ఇలాంటి వాటికి ఎదురుచూడకూడదని చిన్న సిస్టర్లకి చెప్పేదీ ఆవిడే.

కిందటేడు సిస్టర్ లూర్దు వచ్చింది.

ఇరవైమూడేళ్ళ పిల్ల. కాగితం తిన్నగా కత్తిరించడం రాదు. అచ్చులు లేవు. బెండకాయ అడ్డంగా కోసి, రంగులో అద్ది, కాగితం మీద కొట్టి పువ్వు అంటుంది. బంగాళాదుంపని సగానికి కోసి, కోసిన వైపు చాకుతో చెక్కి చిలక అంటుంది. ఆ చిలకకి ఒక కన్ను పైకీ ఒక కన్ను కిందికీ ఉంటుంది. జిగురు ఎప్పుడూ ఎక్కువే. శనివారం సాయంత్రాలు అందరూ ఆసుపత్రికి వెళ్తే, మిగతావాళ్ళు మందులిచ్చి వచ్చేస్తారు. లూర్దు ఒక్కో మంచం దగ్గర కూర్చుండిపోతుంది. అదీ పని ఎగ్గొట్టడమేనని శౌరమ్మ లెక్క.

కిందటి పండక్కి శౌరమ్మ పళ్ళెం సర్దుతూ లూర్దు కార్డులన్నీ అడుగున పెట్టింది. రోగులు పైవి పక్కకి తోసి అడుగువి లాక్కున్నారు. రిక్షా తొక్కే ముసలాయన ఒకడు వంకర చిలకని పట్టుకుని, "ఇది నా వంకే చూత్తంది సిస్టర్, మా ఇంటికాడి చిలకే ఇది!" అని వార్డంతా చూపించాడు. చివరికి మిగిలినవాళ్ళు, వద్దంటే బాగుండదని శౌరమ్మవి తీసుకున్నారు.

ఆ రోజు మొదలు శౌరమ్మ లోపల ఒకటి రగులుతూనే ఉంది. దాని పేరు కుళ్ళు. ఆ పేరు ఆవిడకి తెలియక కాదు, పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ ముందు తప్పులు ఒప్పుకోవడానికి వచ్చే పిల్లలకి ఆ పాపం గురించి నేర్పేది ఆవిడే. తనది మాత్రం పని మీద గౌరవం అనుకుంది. ఆ గౌరవంతోనే పొద్దున లేచింది మొదలు లూర్దునే చూసేది. ఎప్పుడు లేచింది, ఎందుకు నవ్వింది, ఎవరితో ఎంతసేపు మాట్లాడింది, ఎన్ని చమ్కీలు పారబోసింది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నప్పుడు కూడా ఒక కన్ను కొంచెం తెరిచే ఉండేది.

ఈ ఏడు ఆగమన కాలం మూడో వారం వచ్చినా మదర్ ఎవరి పేరూ చెప్పలేదు.

సోమవారం వంట వంతు శౌరమ్మది. కూరగాయల బుట్ట పక్కన తడిగుడ్డలో ఏదో చుట్టి ఉంది. విప్పి చూస్తే మూడు బంగాళాదుంపలు, సగానికి కోసినవి. ఒకదాని మీద నక్షత్రం, ఒకదాని మీద చిలక, ఒకదాని మీద పడవ. అప్పుడే చెక్కినట్టున్నారు, ఇంకా రంగు తగల్లేదు. నక్షత్రానికి కోణాలు ఆరున్నాయో ఏడున్నాయో ఆ దేవుడికే తెలియాలి.

"దుంపలు వంటింట్లో ఉంటే కూరకే," అని శౌరమ్మ పైకే అనేసి వాటిని తీసి పులుసులో వేసింది. కోపంలో వాటిని ముక్కలు కొయ్యాలని తట్టలేదు. కోసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

మఠంలో భోజనం మౌనంగా చెయ్యాలి. ఒకరు పునీతుల చరిత్ర చదువుతుంటే మిగతావాళ్ళు వింటూ తింటారు. ఆ రోజు ఒక పునీతురాలిని సింహాల ముందుకు తోస్తున్నారు. సరిగ్గా అప్పుడే లూర్దు గరిటెతో పులుసు వేసుకుంటే, అన్నం మీద నక్షత్రం పడింది.

లూర్దు దాన్ని చూసింది. వంగి మళ్ళీ చూసింది. తర్వాత కిసుక్కున నవ్వింది. ఆపుకుందామని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు.

"నా నక్షత్రం ఉడికిపోయింది సిస్టర్!" అంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వుతూ.

చదివే సిస్టరు సింహాలని అక్కడే వదిలేసింది. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. శౌరమ్మ ఒక్కతే కంచంలోకి చూస్తూ ఉండిపోయింది. మదర్ ఇన్నాసమ్మ కంచంలోకి చిలక వచ్చింది. ఆవిడ దాన్ని వేలితో తిప్పి చూసి, పులుసు అద్దుకుని మొత్తం తినేసింది. ఎవరు వండారని అడగలేదు. వంట వంతుల పట్టీ గోడ మీదే ఉంది.

భోజనాలయ్యాక లూర్దు ఇంకో రెండు దుంపలు తెచ్చుకుని మళ్ళీ చెక్కడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది. ఆ నవ్వుని శౌరమ్మ భరించలేకపోయింది. నేరుగా మదర్ దగ్గరికి వెళ్ళింది.

మదర్ వరండాలో బల్ల మీద కూర్చుని మైదా జిగురు కలుపుతోంది.

"మదర్, మేత్రాణులవారి కార్డు ఈసారి ఎవరు చెయ్యాలి? నేనా, లూర్దా?"

"ముందు ఇంకో కార్డు చేసుకురా శౌరమ్మా. తర్వాత చెప్తాను."

"ఎవరికి?"

"లూర్దుకి."

శౌరమ్మ విసురుగా వెనక్కి తిరిగింది.

"ఆ కార్డు ఇంకెవరికీ ఇవ్వడానికి వీల్లేకుండా ఉండాలి," అని మదర్ మళ్ళీ జిగురు కలుపుకుంది.

మంగళవారం పొద్దుటికి కార్డు తయారైంది. పెళ్ళిపత్రిక అట్ట మీద టేకు నక్షత్రం, చుట్టూ జరీ అంచు, నాలుగు మూలలా నాలుగు ముత్యాలు. గీత పక్కకి పోలేదు. మదర్ దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. అంతలో పాలు పోసే నాగులు వచ్చాడు. మదర్ కార్డు అతని చేతిలో పెట్టింది.

"పండక్కి మీ ఇంట్లో పెట్టుకో నాగులూ."

అతను పొంగిపోయి దాన్ని కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు.

"ఇంకోటి చెయ్యి," అంది మదర్.

శౌరమ్మకి ఒళ్ళు మండింది. ఎవరికీ ఇవ్వకుండా చెయ్యడం ఎంతసేపు? బుధవారం ఇంకా గొప్ప కార్డు తెచ్చింది. దేవదూత రెక్కలకి చమ్కీలు, కింద బంగారు కాగితంలో కత్తిరించిన అక్షరాలతో 'సిస్టర్ లూర్దుకి' అని చీటీ. చేతిపంపు బాగుచెయ్యడానికి వచ్చినతను అప్పుడే పనిముట్లు సర్దుకుంటున్నాడు. మదర్ పేరున్న చీటీని గోటితో లేపి తీసేసి, కార్డు అతనికిచ్చింది.

"మా అమ్మాయి చూస్తే ఎగిరి గంతేస్తదమ్మా," అన్నాడతను.

మదర్ ఆ చీటీని శౌరమ్మ అరచేతిలో పెట్టింది. "ఇంకోటి."

గురువారం పొద్దున శౌరమ్మ తెల్ల అట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. ఇరవైరెండు అచ్చులూ వరసగా ఉన్నాయి. వాటిల్లో ఏది తీసినా నాగులుకీ పనికొస్తుంది, పంపు మనిషికీ పనికొస్తుంది. 'ఆ పిల్ల గురించి నాకేం తెలుసని చెయ్యమంటుంది ఈవిడ?' అనుకుంది ఉక్రోషంగా.

తీరా చూస్తే అన్నీ తెలుసు.

కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటుంది. దారం పళ్ళతోనే తెంపుతుంది. అన్నంలో కరివేపాకు ఏరి పక్కన పెట్టి, చివర్లో అదంతా ఒక్కసారే తింటుంది. ఉరుమంటే భయం, అయినా కిటికీ మూయదు. నెల మొదటి ఆదివారం ఇంటికి ఉత్తరం రాస్తుంది. మఠంలో చేరడం తండ్రికి ఇష్టం లేదు. పదిగంటలకి గేటు దగ్గర పోస్టుమేన్ సైకిల్ గంట మోగగానే, చేతిలో సూదైనా చాకైనా వదలకుండా లేచి నిలబడుతుంది. ఏడాదిగా ఒక్క ఉత్తరమూ రాలేదు. అప్పుడు ఊరికే లేచినట్టు కిటికీ దాకా వెళ్ళి, మంచినీళ్ళు తాగి, వచ్చి కూర్చుంటుంది. తర్వాత చేసే కార్డుకి జిగురు మరీ ఎక్కువవుతుంది.

ఇది మఠంలో ఇంకెవరికీ తెలియదు. దాహం ఎక్కువైన పిల్ల అని అందరూ అనుకుంటారు. శౌరమ్మ కూడా ఆ నీళ్ళు తాగే సమయాన్ని పనిదొంగతనం కిందే కట్టింది.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి ఒక బంగాళాదుంప తెచ్చుకుంది. సైకిల్ గంటకి టేకు అచ్చు లేదు మరి. దుంప చెక్కడం ఆవిడకి అలవాటు లేదు, చాకు జారి వేలు కాస్త తెగింది. చిరిగిన తపాలా కవరు ముక్కతో గేటు అతికించింది. తెల్లచీర పేలికతో లూర్దుని చేసింది. సగం లేచిన మనిషి, చేతిలో చాకు. గంట ఒక పక్కకి ఒరిగింది. జిగురు అంచులు దాటి కారింది.

లోపల మామూలుగా అయితే 'క్రిస్మస్ శుభాకాంక్షలు' అచ్చు వేస్తుంది. ఈసారి కలం తీసుకుని రాసింది.

'లూర్దూ, ఏడాదిగా నువ్వు పదిగంటలకి లేచి నిలబడడం నేను చూస్తున్నాను. చూసి కూడా ఏమీ అడగలేదు. నీ దుంపలు పొరపాటున పులుసులో పడలేదు, నేను తెలిసే వేశాను. కిందటేడు నీ కార్డులు పళ్ళెం అడుగున పెట్టింది కూడా నేనే. నీ మీద నాకు కుళ్ళు. శౌరమ్మ.'

మదర్ అది చదువుతుంటే పూలమ్మే ఆమె గేటు తీసుకుని లోపలికి వచ్చింది. మదర్ ఆమె వంక చూసింది, కార్డు వంక చూసింది, లేచి ఆమెకి రెండు అరటిపళ్ళు ఇచ్చి పంపింది. కార్డుని కవరులో పెట్టి, తపాలా బిళ్ళ అతికించి, లూర్దు పేరుతో మఠం చిరునామాయే రాసింది.

శౌరమ్మ అంది, "మదర్, దీన్ని చూసి మీరు నన్ను మంచిదాన్ననుకోవద్దు. నేను ప్రేమతో ఏమీ కనిపెట్టలేదు. ఏడాదంతా కుళ్ళుకుంటూ చూశాను. అందుకే తెలుసు."

"చూశావు కదా," అంది మదర్.

శనివారం పదిగంటలకి సైకిల్ గంట మోగింది. లూర్దు చాకు పట్టుకునే లేచింది. పోస్టుమేన్ ఆమె పేరు పిలిచాడు. లూర్దు వరండా అంచున నిలబడి అది చదివింది, మళ్ళీ చదివింది, కిటికీ దగ్గరికి వెళ్ళకుండా తిన్నగా బల్ల దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. శౌరమ్మ తల ఎత్తలేదు.

"ఆ రోజు పులుసులో ఉప్పు కూడా తక్కువైంది సిస్టర్," అంది లూర్దు. శౌరమ్మ వేలికున్న గుడ్డకట్టు విప్పి, ఇంకాస్త బిగించి కట్టి, పక్కనే కూర్చుని కత్తెర అందుకుంది.

ఆ మధ్యాహ్నం మదర్ ఒక మందపాటి దంతపు రంగు అట్ట తెచ్చి శౌరమ్మ ముందు పెట్టింది. "మేత్రాణులవారిది. సోమవారం పోస్టులో పడాలి. నువ్వే చెయ్యి."

ఏడాదంతా కాచుకున్న మాట. శౌరమ్మ అట్ట సర్దుకుంది, టేకు నక్షత్రం తీసి ఇంకు అద్దింది, చెయ్యి పైకెత్తింది. మేత్రాణులవారిని ఒకసారి తలుచుకుంది. ఏటా తిరునాళ్ళకి వచ్చేవారు, ఈవిడ మోకాళ్ళూని ఉంగరం ముద్దు పెట్టుకునేది. ఆ ఉంగరంలో ఎర్రరాయి గుర్తొచ్చింది. నడుముకి కట్టుకునే ఊదారంగు పట్టీ గుర్తొచ్చింది. మొహం ఎంతకీ గుర్తు రాలేదు. ఆయన నవ్వుతారో లేదో కూడా తెలియలేదు. అచ్చులోంచి ఇంకు కారి అట్ట మీద ఒక బొట్టు పడింది.

ఆవిడ అచ్చు కింద పెట్టేసి వరండాలోకి వెళ్ళింది.

"మదర్, పదకొండు కార్డులు పంపించాను," అంది. "మేత్రాణులవారు ఎలాంటి మనిషి?"

మదర్ ఇన్నాసమ్మ జిగురు గిన్నె అవతల పెట్టి, బల్ల మీద శౌరమ్మకి చోటిస్తూ కొంచెం పక్కకి జరిగింది.